లారీ లాఫర్ మొదటి ఆటను ఇప్పటి కంప్యూటర్‌లో ఆడే పద్ధతి

అమెరికాకు చెందిన సియెరా ఆన్‌లైన్ సంస్థ 1987లో విడుదల చేసిన "లెజర్ సూట్ లారీ ఇన్ ద ల్యాండ్ ఆఫ్ ద లౌంజ్ లిజర్డ్స్" అనే ఆట పేరు విన్నవారు చాలామందే ఉంటారు కానీ, దాన్ని చివరిదాకా ఆడినవారు తక్కువ. పెద్దలకు మాత్రమే అన్న ముద్ర చూసి, తెర మీద ఏదో కనిపించబోతుందని ఆశపడి తెరిచినవారికి, అడ్డంగా 160, నిలువునా 200 చుక్కలతో, పదహారంటే పదహారు రంగులతో గీసిన బొమ్మల్లో తెల్ల సూటు తొడుక్కున్న లారీ లాఫర్ అనే ఒక పొట్టి మనిషి కనిపిస్తాడు. అతన్ని కాసేపు అటూ ఇటూ నడిపించి, ఏం చేయాలో తోచక, పది నిమిషాల్లో మూసేస్తారు. అలా మూసేయడానికి కారణం ఆట పాతబడిపోవడం కాదు. ఈ ఆటలోని సరుకంతా బొమ్మల్లో కాక, మనం టైప్ చేసే మాటలకు అది ఇచ్చే జవాబుల్లో ఉంది. ఆ సంగతి ముందే తెలిసి కూర్చున్నవారికి రెండు మూడు సాయంత్రాలు ఇట్టే గడిచిపోతాయి. అలా కూర్చోదలచినవారి కోసమే ఈ వివరణ.

ముందే చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఇది పద్దెనిమిదేళ్ళు నిండినవారి ఆట. ఇందులో నగ్నత్వం నామమాత్రమే అయినా, వ్యభిచార గృహం ఉంది, బూతు హాస్యం ఉంది, తాగుబోతుల మీదా దుకాణదారుల మీదా మోటు పరిహాసాలు ఉన్నాయి. స్త్రీ పాత్రలను ఒక్కొక్క కానుకతో తెరుచుకునే తాళాల్లాగా రాశారన్న విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ నిలుస్తుంది. నా ఉద్దేశంలో ఆ విమర్శ సరైనదే. అయితే రచయిత కొరడా ప్రధానంగా లారీ వీపు మీదే పడుతుందనీ, ఆడవాళ్ళ వెంటపడే ఆ మధ్యవయస్కుడు అడుగడుగునా అభాసుపాలు కావడమే కథ అనీ ఆడినవారు గమనిస్తారు.

దీని పుట్టుక తెలిస్తే ఆటలోని చాలా సంగతులు అర్థమవుతాయి. 1981లో చక్ బెంటన్ అనే యువకుడు ఆపిల్ టూ కంప్యూటర్ మీద బేసిక్ భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే క్రమంలో "సాఫ్ట్‌పోర్న్ అడ్వెంచర్" అనే ఆటను రాశారు. అందులో బొమ్మలు అసలే లేవు, అంతా అక్షరాలే. కెన్ విలియమ్స్, రొబెర్టా విలియమ్స్ దంపతులు కాలిఫోర్నియాలోని కోర్స్‌గోల్డ్‌లో నడిపిన ఆన్‌లైన్ సిస్టమ్స్ దాన్ని ప్రచురించింది. ఆ సంస్థే తరువాత సియెరా ఆన్‌లైన్ అయింది. ఆటకంటే పెద్ద గొడవ దాని అట్ట మీది ఫొటోతో వచ్చింది. వేడినీటి తొట్టెలో ముగ్గురు స్త్రీలు, వారికి పానీయాలు అందించే ఒక వెయిటరు అందులో ఉంటారు. ఆ ముగ్గురిలో ఒకరు స్వయంగా రొబెర్టా విలియమ్స్. అదే సంవత్సరం టైమ్ పత్రిక ఆ ఫొటోతో సహా వార్త వేయడంతో, సొంత కంప్యూటరు లేనివారికి కూడా ఆ ఆట పేరు తెలిసింది. తరువాత ఆరేళ్ళకు, పిల్లల కోసం డిస్నీ పాత్రలతో సియెరాకు ఆటలు రాసిన మాజీ సంగీత ఉపాధ్యాయుడు అల్ లో అనే ఆయనకు ఆ పాత ఆటను బొమ్మలతో తిరగరాసే పని అప్పగించారు. కథంతా కాలం చెల్లిపోయినట్టు ఉండటం చూసి ఆయన దాన్ని బాగుచేయడానికి పూనుకోలేదు. కాలం చెల్లిపోవడాన్నే హాస్యానికి ముడిసరుకుగా మార్చుకుని, అలాంటి మనిషినే కథానాయకుడిని చేశారు. లెజర్ సూట్ అంటే 1970లలో అక్కడ వెలిగి ఆరిపోయిన పాలియెస్టర్ దుస్తుల జత. మన దగ్గర బెల్ బాటమ్ ప్యాంట్లు వచ్చి పోయినట్టే అదీ పోయింది. 1987లో అది తొడుక్కుని తిరిగే మనిషి అంటేనే అక్కడి పాఠకుడికి సగం నవ్వు వచ్చేస్తుంది, మనకు మాత్రం ఇలా విడమరచి చెప్పుకోవలసి వస్తుంది. బొమ్మలు గీసినవారు మార్క్ క్రో.

ఏ రూపాన్ని ఎంచుకోవాలి

ఈ ఆటకు ప్రధానంగా మూడు రూపాలు ఉన్నాయి. మొదటిది 1987 నాటి టైపింగ్ రూపం. రెండవది 1991లో ఎక్కువ రంగులతో, మౌస్ గుర్తులతో మళ్ళీ చేసినది. మూడవది అభిమానుల చందాలతో తయారై 2013లో వచ్చినది. చూడటానికి రెండవది ఇంపుగా ఉంటుంది, మూడవది ఇంకా ఇంపుగా ఉంటుంది. అయినా మొదటిసారి ఆడేవారు 1987 రూపాన్నే పట్టుకోవాలని గట్టిగా చెబుతాను. మౌస్‌తో ఆడేటప్పుడు కన్ను గుర్తునూ చేతి గుర్తునూ వస్తువు మీద నొక్కడమే పని కాబట్టి, రచయిత ముందుగా ఊహించి దాచిపెట్టిన వందలాది జవాబులు బయటికి రావడానికి దారే ఉండదు. ఈ ఆటను విడుదలకు ముందు బయటివారి చేత ఆడించి పరీక్షించారు. కాంప్యుసర్వ్ అనే ఆనాటి కంప్యూటర్ల అనుసంధాన సేవ ద్వారా పరీక్షకులను పిలిచి, వారు టైప్ చేసిన మాటల్లో ఆటకు అర్థం కానివన్నీ ఒక ఫైలులో నమోదయ్యేలా చేశారు. వారు ఏమేమి అడిగారో చూసి అల్ లో ఒక్కొక్కదానికీ జవాబు రాసుకుంటూ పోయారు. అంటే మీకు తోచే చిలిపి ప్రశ్న 1987లోనే మరొకరికి తోచి ఉండవచ్చు, దానికి జవాబు సిద్ధంగానూ ఉండవచ్చు. టైపింగ్ రూపాన్ని వదులుకుంటే పోయేది అదే.

ఆట ఇప్పటికీ అమ్మకంలోనే ఉంది. ఆటలు అమ్మే గాగ్, స్టీమ్ అనే ఇంటర్నెట్ దుకాణాల్లో లారీ పాత ఆటలను కట్టగా అమ్ముతున్నారు. కొనేముందు ఆ కట్టలో 1987 రూపం కూడా ఉందో లేదో వివరాల్లో చూసుకోండి. అక్కడ కొన్నవారికి, పాత డాస్ ప్రోగ్రాములను ఇప్పటి కంప్యూటర్లలో నడిపించే డాస్‌బాక్స్ కూడా సాధారణంగా కలిసే వస్తుంది కాబట్టి వేరే తంటా ఏమీ ఉండదు, రెండుసార్లు క్లిక్ చేస్తే ఆట మొదలవుతుంది. పాత ఫ్లాపీల నుంచి తీసుకున్న ఫైళ్ళు చేతిలో ఉన్నవారు డాస్‌బాక్స్‌ను విడిగా పెట్టుకుని, ఫైళ్ళున్న ఫోల్డరును దానికి సీ డ్రైవుగా చూపించి (దీన్నే మౌంట్ చేయడం అంటారు), ఆ డ్రైవులోకి వెళ్ళి "సియెరా" అని టైప్ చేయాలి. పాత ఆటలను నడిపించే మరో ప్రోగ్రాము స్కమ్‌విఎమ్‌లో కూడా ఈ ఆట నడుస్తుంది. ఫోల్డరు చూపిస్తే అదే గుర్తుపట్టి జాబితాలో చేర్చుకుంటుంది. ఫోనులో ఆడాలనుకునేవారికి దారి అదే అయినా, తెర మీద సగం ఆక్రమించే కీబోర్డుతో గంటల తరబడి టైప్ చేయడం ఎవరికైనా విసుగే. అసలు కీబోర్డు ఉన్న యంత్రం మీద కూర్చోండి.

డాస్‌బాక్స్‌లో ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే తెర నిండుగా వస్తుంది. నడక మరీ వేగంగానో మరీ మందంగానో ఉంటే కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కి తగ్గించవచ్చు, ఎఫ్12 నొక్కి పెంచవచ్చు. ఆటలోనే ఎస్కేప్ నొక్కితే పైన మెనూ తెరుచుకుంటుంది, వేగం మార్చుకునే వీలు అందులోనూ ఉంది.

వయసు పరీక్ష

ఆట మొదట మీ వయసు అడుగుతుంది. పద్దెనిమిదికి తక్కువ చెబితే బయటికి పంపేస్తుంది. ఎక్కువ చెప్పినా వెంటనే నమ్మదు. ఆనాటి అమెరికా పెద్దలకు మాత్రమే తెలిసి ఉంటుందనుకున్న ప్రశ్నలను, నాలుగేసి జవాబులిచ్చి ఎంచుకోమంటూ వరుసగా అడుగుతుంది. వాళ్ళ రాజకీయ నాయకులు, పాత టీవీ కార్యక్రమాలు, మరిచిపోయిన పాటగాళ్ళు, ఇలా సాగుతాయి. అక్కడి పిల్లవాడికి తెలియకూడదని పెట్టిన పరీక్ష మన దగ్గర అరవై ఏళ్ళవారిని కూడా ఫెయిలు చేస్తుంది. ఆ ఇబ్బంది ముందే ఊహించారు కాబోలు, 1987 రూపంలో ప్రశ్నల దగ్గర ఆల్ట్‌తో ఎక్స్ నొక్కితే పరీక్ష దాటిపోతుంది. 1991 రూపంలో దానికి కంట్రోల్ కూడా కలపాలి. పెద్దవారైనవారు ఈ దారిన వెళ్ళడంలో తప్పేమీ లేదు. అయితే ఒకసారైనా ప్రశ్నలు చదివి చూడండి. తప్పు జవాబుల్లో కూడా రచయిత నవ్వు దాచాడు.

మాట టైప్ చేసే తీరు

ఇక్కడి నుంచి అసలు విద్య. బాణం గుర్తు ఒకసారి నొక్కితే లారీ నడవడం మొదలుపెడతాడు, అదే బాణం మళ్ళీ నొక్కితే ఆగుతాడు. కీని నొక్కిపట్టుకుని ఉంచే అలవాటు ఇప్పటి ఆటల నుంచి వచ్చినది, ఇక్కడ పనికిరాదు. మిగిలిన పనులన్నీ తెర అడుగున ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ నొక్కడం ద్వారానే జరగాలి. నేను కింద ఆదేశాలను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు వాటిని ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టుకోవాలి.

తెలుగులో మనం "మనిషికి విస్కీ ఇవ్వు" అంటాం, క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. ఆటకు మాత్రం క్రియ ముందు కావాలి: "గివ్ విస్కీ టు మ్యాన్". చాలా సందర్భాల్లో క్రియ ఒకటి, వస్తువు ఒకటి, ఈ రెండు మాటలు చాలు: "లుక్ సింక్", "గెట్ రోజ్", "నాక్ డోర్". ఏమీ తోచనప్పుడు ఒట్టి "లుక్" అని కొడితే ఆ గది మొత్తం వర్ణన వస్తుంది. గదిలో అడుగుపెట్టగానే చేయవలసిన మొదటి పని అదే. ఆ వర్ణనలో వచ్చిన ప్రతి నామవాచకాన్నీ తీసుకుని మళ్ళీ "లుక్" తగిలించండి. బల్ల అని ఉంటే బల్లను చూడండి, బల్ల మీద ఏదో ఉందంటే దాన్ని చూడండి.

లోపలి ఏర్పాటు కొంచెం తెలిస్తే విసుగు సగం తగ్గుతుంది. ఆట ఫైళ్ళలో పదకోశం ఒకటి ఉంటుంది. అందులో ఒక్కొక్క మాటకూ ఒక సంఖ్య కేటాయించి, పర్యాయపదాలన్నింటికీ ఒకే సంఖ్య ఇచ్చారు. కాబట్టి "గెట్" అన్నా "టేక్" అన్నా ఆటకు ఒకటే. "ది", "ఎ" వంటి చిన్న మాటలు పదకోశంలో ఉన్నా, వాటిని లెక్కలోకి తీసుకోవద్దన్న గుర్తుతో ఉంటాయి. మీరు కొట్టిన వాక్యాన్ని ఆట ముందుగా సంఖ్యల వరుసగా మార్చి, ఆ తరువాతే ఆ గదికి రాసిపెట్టిన వరుసలతో పోల్చి చూస్తుంది. దీని వల్ల రెండు రకాల వైఫల్యాలు వస్తాయి, ఆ రెండింటినీ వేరుచేసి చూడటం నేర్చుకోవాలి. పదకోశంలో లేని మాట కొడితే ఆట ఆ మాటనే ఎత్తిచూపి అర్థం కాలేదంటుంది. అప్పుడు ఆ వస్తువు గురించి తల బద్దలు కొట్టుకోవడం మానేయవచ్చు, ఎందుకంటే ఆ మాట ఆట మొత్తంలో ఎక్కడా లేదు. మాటలన్నీ తెలిసినవే అయి, ఆ కలయిక మాత్రం అక్కడ పనికిరాకపోతే, ఏదో ఒక దాటవేత జవాబు వస్తుంది. ఇది ఆశాజనకమైన సూచన. వస్తువు ఎక్కడో ఉంది, మీరు నిలబడిన చోటో, ఎంచుకున్న క్రియో సరిగ్గా లేదన్నమాట. ఒక అడుగు దగ్గరికి జరిగి అదే మళ్ళీ కొట్టండి. కొట్టిన వాక్యాన్నే తిరిగి తెప్పించడానికి ఎఫ్3 ఉంది, చేతిలో ఏమేమి ఉన్నాయో చూడటానికి ట్యాబ్ ఉంది.

లెఫ్టీ బారులో మొదటి అరగంట

లాస్ట్ వేజెస్ అనే ఊరిలో, లెఫ్టీ బారు ముందు, జేబులో 94 డాలర్లతో లారీ నిలబడి ఉండగా ఆట మొదలవుతుంది. జూదంలో పోగొట్టుకున్న జీతాలు అనే అర్థం వచ్చేలా లాస్ వేగస్ పేరును వంచి పెట్టిన పేరు అది. వీధిలో ఎక్కువసేపు నిలబడకండి. ఒక కుక్క వచ్చి లారీ కాలు తడిపిపోతుంది. రోడ్డు మీదికి దిగితే కారు గుద్దేస్తుంది. పక్క చీకట్లోకి నడిస్తే దొంగలు చావగొడతారు. నేను మొదటిసారి కూర్చున్నప్పుడు బారు తలుపు తెరవకముందే రెండుసార్లు చచ్చి, ఆ తరువాతే తలుపు కోసం వెతికాను.

చనిపోవడం కూడా ఇక్కడ చూడవలసిన దృశ్యమే. నేల తెరుచుకుని లారీ శరీరం కిందికి దిగిపోతుంది, కింద ఒక ప్రయోగశాలలో సియెరా ఆటల నాయకులను మళ్ళీ అతికించి పైకి పంపిస్తూ ఉంటారు. ఒక్కసారి నిదానంగా చూసి ఆనందించండి. ఆ తరువాత మాత్రం చావు రాకముందే ఎఫ్5తో ఆటను దాచుకోవడం, వచ్చాక ఎఫ్7తో వెనక్కి తెచ్చుకోవడం అలవాటు చేసుకోవాలి. పన్నెండు చోట్ల దాచుకునే వీలుంది, ప్రతిదానికీ ఒక పేరు పెట్టమంటుంది. "ఒకటి", "రెండు" అని కాక "కాసినో ముందు, 200 డాలర్లు" అన్నట్టుగా పేరు పెట్టండి. గంట తరువాత ఏది ఏదో మీకే గుర్తుండదు. ఒకే చోట పదేపదే దాచుకుంటూ పోతే, ముఖ్యమైన వస్తువు ఒకటి తీసుకోకుండా వచ్చేశామని ఎప్పటికో తెలిసినప్పుడు వెనక్కి వెళ్ళడానికి మెట్టే ఉండదు.

బారు లోపలికి వెళ్ళాక, ఖాళీ స్టూలు దగ్గరికి నడిచి "సిట్" అనండి. "బయ్ విస్కీ" అని కొడితే గ్లాసు వస్తుంది, డబ్బు పోతుంది. దాన్ని తాగకండి. "స్టాండ్" అని లేచి, లోపలి నడవాలోకి వెళ్ళండి. అక్కడ గోడకు చేరగిలబడి ఒక తాగుబోతు కూర్చుని ఉంటాడు. "గివ్ విస్కీ టు మ్యాన్" అనగానే గ్లాసు అందుకుని, తన దగ్గరున్న టీవీ రిమోట్‌ను లారీకి ఇస్తాడు. అక్కడే బల్ల మీద ఒక గులాబీ ఉంటుంది, తీసుకోండి. ఆ వెనక మరుగుదొడ్డి. అక్కడ "లుక్ సింక్" అంటే ఉంగరం కనిపిస్తుంది, గోడ మీది రాతలు చదివితే ఒక సంకేతవాక్యం దొరుకుతుంది. గోడను ఒక్కసారి చదివి వదిలేయకండి, మళ్ళీ మళ్ళీ చదవాలి, ప్రతిసారీ ఒకే రాత రాదు. మరుగుదొడ్డిని ఫ్లష్ చేయాలన్న కోరిక కలిగితే ముందు ఆటను దాచుకోండి, ఆ నీరు ఎక్కడిదాకా వస్తుందో చూడండి.

బారులో ఇంకో తలుపు ఉంది. దాన్ని తట్టితే లోపలివాడు సంకేతవాక్యం అడుగుతాడు. గోడ మీద చదివినది అక్కడ కొట్టాలి: "కెన్ సెంట్ మీ". అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో దొంగచాటు బార్ల తలుపు దగ్గర ఫలానావాడు పంపాడని చెప్పుకునే ఆనవాయితీకి, సియెరా యజమాని కెన్ విలియమ్స్ పేరు తగిలించి చేసిన చమత్కారం అది. లోపల మెట్లకు అడ్డంగా ఒక మనిషి నిలబడి ఉంటాడు. గదిలో టీవీ ఉంది, మీ చేతిలో రిమోట్ ఉంది. ఆ మనిషికి నచ్చే కార్యక్రమం వచ్చేదాకా ఛానెళ్ళు మారుస్తూ పోతే అతని చూపు అటు తిరుగుతుంది, మెట్లు ఖాళీ అవుతాయి.

అయితే పైన వేశ్య గదికి దారితీసే ఆ మెట్లు ఎక్కే తొందర వద్దు. ముందు టాక్సీ పట్టుకుని కిరాణా దుకాణానికి వెళ్ళి, గర్భనిరోధక తొడుగు కొనుక్కుని రావాలి. అది లేకుండా పైకి వెళ్తే రోగం సోకి లారీ చనిపోతాడు. ఎయిడ్స్ భయం అమెరికాను ఊపేస్తున్న 1987లో, ఒక బూతు ఆట ఈ జాగ్రత్తను తప్పనిసరి చేయడం నాకు విశేషంగా అనిపిస్తుంది. కొనేటప్పుడు దుకాణదారుడు ఏ రకం, ఏ రంగు, ఏ రుచి అంటూ ప్రశ్న మీద ప్రశ్న వేసి, చివరికి లారీ కొన్నదేమిటో అంగడంతా వినిపించేలా అరుస్తాడు. మందుల షాపులో నలుగురి మధ్య నోరు పెగలక నిలబడిన అనుభవం ఉన్నవారికి ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

టాక్సీ, సారా, జూదం

టాక్సీ కోసం గుర్తు ఉన్న చోట నిలబడి "హెయిల్ టాక్సీ" అనాలి. ఎక్కాక వెళ్ళవలసిన చోటు పేరు చెప్పాలి, దిగేముందు "పే డ్రైవర్" అనాలి. డబ్బు ఇవ్వకుండా దిగితే డ్రైవరు ఊరుకోడు. ఇంకో గండం కూడా ఉంది. దుకాణంలో కొన్న ద్రాక్షసారా సీసా చేతిలో ఉండగా టాక్సీ ఎక్కితే, డ్రైవరు అది లాక్కుని తాగి బండిని గుద్దేస్తాడు. కాబట్టి సీసా కొన్న వెంటనే, దుకాణం బయట తచ్చాడే పేద తాగుబోతుకు ఇచ్చేయండి. బదులుగా అతను ఇచ్చే చాకు తరువాత ప్రాణం కాపాడుతుంది.

94 డాలర్లతో ఈ రాత్రి గట్టెక్కడం అసాధ్యం. డబ్బు సంపాదించే చోటు కాసినో ఒక్కటే. అక్కడ స్లాట్ యంత్రాలు, బ్లాక్‌జాక్ అనే పేకాట ఉన్నాయి. బ్లాక్‌జాక్ ఎంచుకోండి. పందెం వేసేముందు ఎఫ్5 నొక్కండి. గెలిస్తే మళ్ళీ దాచుకోండి, ఓడితే వెనక్కి వెళ్ళండి. ఇది మోసం కాదా అని అడిగేవారు ఉంటారు. నా దృష్టిలో ఇందులో అసలు మోసం ఆ జూదాన్ని ఆటలో పెట్టడమే, ఎందుకంటే తెలివితో సంబంధం లేని ఒకే పనిని అరగంట సేపు చేయిస్తుంది. కనీసం 250 డాలర్లు చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి. పెళ్ళి ఖర్చు దగ్గర దాని విలువ తెలుస్తుంది. కాసినో హోటలులో తిరిగేటప్పుడు బూడిద గిన్నెను చూడటం మరిచిపోకండి, డిస్కోలోకి వెళ్ళడానికి కావలసిన పాసు అందులో పడి ఉంటుంది.

లారీ చేతి గడియారం కూడా నడుస్తూనే ఉంటుంది. తెల్లవారేదాకానే అతనికి గడువు, కాబట్టి ఆటను తెరిచిపెట్టి భోజనానికి లేచిపోకుండా దాచుకుని మూసేయండి. మధ్యమధ్య నోటి దుర్వాసన పోగొట్టుకునే స్ప్రే వాడమని ఆట గుర్తుచేస్తుంది. కొత్త మనిషితో మాట్లాడబోయే ముందు దాన్ని వాడటం మంచిది. కంట్రోల్‌తో బీ నొక్కితే, ఆఫీసులో పైఅధికారి వచ్చినప్పుడు తెరను కప్పేయడానికని పెట్టిన బొమ్మ వస్తుంది. అది నొక్కేముందు కూడా ఆటను దాచుకుని ఉండటం మీకే క్షేమం.

మిగిలిన రాత్రికి కొన్ని ఆనవాళ్ళు

ఇక్కడి నుంచి వరుసగా చెప్పుకుపోతే టైప్ చేసే సరదా చచ్చిపోతుంది కాబట్టి, చిక్కుపడే చోట్లకు మాత్రం ఆనవాళ్ళు ఇస్తాను. డిస్కోలో ఒంటరిగా కూర్చున్న ఫాన్ అనే యువతికి, బారులో దొరికిన కొన్ని వస్తువులు నచ్చుతాయి. ఆమెతో నాట్యం కూడా చేయాలి. ఆమె పెళ్ళి మాట ఎత్తినప్పుడు, ఆ మాటలో ఎంత వేగం ఉందో గమనించండి. పెళ్ళయ్యాక హోటలు గదిలో రేడియో మోగుతూ ఉంటుంది. దానిలో వచ్చే ప్రకటనను చెవి ఒగ్గి వినండి, చెప్పిన నంబరు రాసుకోండి, ఫోను ఎక్కడ చూశారో గుర్తుచేసుకోండి. ఆ ఘట్టం చివర లారీ మంచానికి కట్టేయబడి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా మిగులుతాడు. చాకు అప్పుడు పనికొస్తుంది. కట్టు కోసిన తరువాత ఆ కట్టినదాన్ని అక్కడే వదిలేసి రావద్దు. ఎత్తైన చోట, చేతికందని కిటికీ దగ్గర అదే మిమ్మల్ని నిలబెడుతుంది.

ఆ కిటికీ దగ్గర సాధించిన మాత్రలను ఎవరికి ఇవ్వాలో హోటలులో కాపలా కాసే అమ్మాయిని చూస్తే తెలుస్తుంది. మాత్రల ఫలితం లారీ ఆశించినట్టు ఉండదు, కానీ దారి మాత్రం తెరుచుకుంటుంది. కాసినో బయట పీపా తొడుక్కుని నిలబడిన మనిషి అమ్మే యాపిల్‌ను తప్పకుండా కొనండి. పైఅంతస్తులో ఉన్న స్త్రీ పేరు ఈవ్ అని, అంటే బైబిలులోని అవ్వ పేరే అని తెలిశాక, ఆ పండు ఎందుకో వేరే చెప్పనవసరం లేదు.

మొత్తం 222 పాయింట్లు. మొదటిసారి ఆడి ముగించినవారికి అన్నీ వచ్చే అవకాశం తక్కువ. మిగిలినవాటిలో కొన్ని చిన్నచిన్న పనులకు వచ్చేవే కాబట్టి, పాత దాపుల్లోకి వెళ్ళి, అంతకుముందు చూడని వస్తువులను చూస్తూ, కూర్చోగలిగిన ప్రతి చోటా కూర్చుంటూ వెతకండి.

ఇంకా ఓపిక ఉన్నవారు సాఫ్ట్‌పోర్న్ అడ్వెంచర్‌ను కూడా చూడవచ్చు. ఎప్పుడో డాస్‌కు మార్చిన దాని రూపాన్ని అల్ లో తన సైటులో ఉచితంగా ఉంచారు, డాస్‌బాక్స్‌లోనే అది నడుస్తుంది. నడవడానికి బాణాలు ఉండవు, దిక్కు పేరు టైప్ చేయాలి. ఏ దిక్కుకు దారి ఉందో, ఆ గదిలో ఏ వస్తువులు ఉన్నాయో తెర మీదే రాసి ఉంటుంది. వర్ణనలు ఒకటి రెండు వాక్యాలకు మించవు, తప్పు మాట కొడితే జవాబులో చమత్కారం ఉండదు. లారీని ముగించి వచ్చినవారికి దీన్ని ముగించడానికి గంట కూడా పట్టకపోవచ్చు, ఎందుకంటే బారు, కాసినో, డిస్కో, వాటి మధ్య తిరిగే టాక్సీ, మెట్లకు అడ్డంగా నిలబడిన మనిషి, అతని చూపు మరల్చే టీవీ, అన్నీ 1981లోనే అక్కడ ఉన్నాయి. తెల్ల సూటు తొడుక్కున్న మనిషి మాత్రం కనిపించడు. ఆ బారులో నిలబడి ఉన్నది మీరే.